గురివింద చక్రాల బండి

“మబ్బొచ్చేసింది! మబ్బొచ్చేసింది! బండి ఇంకా రాలేదర్రా!”

వీధి చివర నుంచి కేక. ఇళ్ళల్లోంచి తలలు బయటికొచ్చాయి. తలలంటే ఆవగింజంత తలలు. అది చీమల వీధి మరి! అనగనగా ఒక అడవిలో, ఇప్పచెట్టు వేళ్ళ కింద ఉన్న నల్లచీమల ఊరు అది. చీమలకు వీధులేమిటి మామయ్యా అనకండి. వీధులున్నాయి, గాదెలున్నాయి, వానొస్తే మూసుకోడానికి మట్టి తలుపు కూడా ఉంది. మన వీధికన్నా శుభ్రంగా ఉంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ కేక వినగానే నూకాలు అనే తల్లిచీమ, మోస్తున్న గింజను అక్కడే పడేసింది. ఆ బండిలో ఆమె కూతురు పైడి ఉంది. పైడితో పాటు ఇంకా పద్నాలుగు మంది పిల్లలు. వెదురు బియ్యం తెస్తామని పొద్దున్నే కేరింతలు కొడుతూ వెళ్ళారు.

నూకాలు తమ్ముడు అప్పలసూరి దగ్గరికి పరుగెత్తింది. బండి చేసింది వాడే.

“ఒరే సూరీ, నీ బండేదిరా? నా పిల్లేదిరా?”

“వచ్చేస్తుందక్కా. కాళ్ళకన్నా చక్రం తొందర కదా!” అన్నాడు సూరి. అనడమైతే అన్నాడు గానీ వాడూ వీధి చివరికే చూస్తున్నాడు.

బండి సంగతి చెప్పకపోతే మీకీ కంగారు అర్థం కాదు. అంతకుముందు ఆ ఊళ్ళో ఒక్క వెదురు గింజ తేవాలంటే, ఏడు చీమలు పొద్దున బయల్దేరి పొద్దుగూకేదాకా లాగేవి. నడుములు పడిపోయేవి. ముసలివాళ్ళు దారిలోనే కూలబడేవారు. సూరి అది చూడలేకపోయాడు. ఒక కానుగకాయ డొప్ప తెచ్చాడు. రెండు తుమ్మముళ్ళు ఇరుసులుగా పెట్టాడు. నాలుగు గురివింద గింజలకు బెజ్జాలు పొడిచి చక్రాలు తగిలించాడు. లాగడానికి పోతయ్య అనే పేడపురుగును బతిమాలి తెచ్చుకున్నాడు. ఇంకేముంది! ఒక్క పూటలో ముప్ఫై గింజలు! గాదెలు నిండాయి. ముసలివాళ్ళ నడుములకు సుఖం వచ్చింది. ఎర్రెర్రగా గిర్రున తిరిగే ఆ చక్రాలు చూస్తే నేనూ ఎక్కేసేవాణ్ణి.

కానీ చీమలకు ఒక అలవాటుంది. నడిచేటప్పుడు నేలకు పొట్ట ఆనించి కాస్త వాసన అంటిస్తాయి. ఆ వాసన గీతే వాటికి దారి. రోజూ ఎవరో ఒకరు నడుస్తుంటేనే అది బతుకుతుంది. అందుకని ఆ ఊళ్ళో దారి వేసేవాళ్ళని కొందరుండేవారు.

మొదటి వారం బండిలో గింజలే ఎక్కాయి. చీమలు పక్కన నడిచాయి. రెండో వారం చీమలూ ఎక్కాయి. మూడో వారం దారి వేసేవాళ్ళు ఊరి పెద్ద గండయ్య దగ్గరికి వెళ్ళి, “బండి తిరుగుతోందిగా, ఇంకా మేమెందుకు నడవడం?” అన్నారు. గండయ్య మీసం సవరించుకుని, “సరే, మానెయ్యండి” అన్నాడు. సూరి పక్కనే ఉన్నాడు. వద్దనలేదు. పైగా వాడికి గర్వంగా అనిపించింది.

అదీ జరిగింది. ఇప్పుడు మళ్ళీ మబ్బు దగ్గరికి రండి.

నూకాలు తలుపు దగ్గర మీసాలు నేలకు ఆనించి వెతికింది. కుడివైపు వెతికింది. ఎడమవైపు వెతికింది. ఏమీ లేదు.

“వాసనే లేదర్రా! ఎటని వెళ్ళను?”

“ఎలా ఉంటుందే తల్లీ? పది రోజులుగా ఒక్కళ్ళైనా నేల ముట్టారా?” అంది ముసలిచీమ బోడెమ్మ.

“పోతయ్య తీసుకొస్తాళ్ళే,” అన్నారెవరో.

“ఏడిశాడు! పేడపురుగులు సూర్యుణ్ణి చూసి దారి పోల్చుకుంటాయి. ఈ మబ్బులో సూర్యుడేడీ?” అంది బోడెమ్మ.

ఆ మాటతో సూరి మొహం మాడిపోయింది. ఎండలో బండి నడిపాడు, ఎండలోనే మెచ్చుకోళ్ళు అందుకున్నాడు. మబ్బు సంగతి వాడికి తట్టనే లేదు.

చల్లగాలి ఒక్కసారి విసురుగా కొట్టింది. గండయ్య అరిచాడు. “తలుపు మూసెయ్యండి! మట్టి తడపండి, త్వరగా!”

నూకాలు తలుపుకు అడ్డం నిలబడింది. “నా పిల్ల బయటుంది మావా!”

“నాకు తెలీదా అమ్మీ? లోపల వెయ్యిమంది ఉన్నారు. నాలుగు నెలల తిండి ఉంది. నీళ్ళొస్తే అందరం పోతాం.”

గండయ్య రాక్షసుడేమీ కాదు. భయపడ్డాడంతే.

సూరి ముందుకొచ్చాడు. “మావా, దారి మాన్పించింది నా బండే. నేనెళ్తాను. తలుపు కాసేపు ఉంచు.”

“దారి లేకుండా ఎలా వెళ్తావురా? నువ్వూ తప్పిపోతావు!”

“నా వెనక అక్క ఉంటుంది. అక్క వెనక ఇంకొకరు, వాళ్ళ వెనక ఇంకొకరు. మీసాలు అందేంత దూరంలో నిలబడదాం. చివరివాళ్ళ కాలు తలుపును వదలకూడదు. ఇక ఎవరు తప్పిపోతారు?”

నూకాలు అప్పుడే తమ్ముడి వెనక నిలబడింది. బోడెమ్మ కుంటుకుంటూ నూకాలు వెనక చేరింది. ఆ తర్వాత దారి వేసేవాళ్ళు తలలు వంచుకుని వచ్చారు. వాళ్ళ వెనక ఊరంతా కదిలింది.

పొద్దున బండి తూర్పుకు కదలడం అందరూ చూశారు కదా, వరుస అటే సాగింది. టప్పున మొదటి చుక్క పడింది. చీమకు వాన చుక్కంటే నీళ్ళ కుండే! వరుస వంకర పోయింది. రెండో చుక్కకు ఇద్దరు కొట్టుకుపోబోయారు, పక్కవాళ్ళు కాళ్ళు పట్టి లాగారు. మూడో చుక్క పడేసరికి వరుస ఆగిపోయింది. వెయ్యిమందీ వరుసలోకి వచ్చేశారు. పిల్లలు ఇంకా దొరకలేదు.

“ఇంకొక్కరు కావాలి! ఒక్కరు!” మీసం నుంచి మీసానికి కబురు వెనక్కి వచ్చింది.

తలుపు దగ్గర మిగిలింది గండయ్య ఒక్కడే. చేతినిండా తడిమట్టి. ఆయన గాదెల వైపు చూశాడు. ఆకాశం వైపు చూశాడు. మట్టి కింద పెట్టేసి, వెనక్కాలు తలుపుకు తగిలించి, వరుసలో నిలబడ్డాడు.

అటు చివర సూరి ఒక్క అడుగు ముందుకు వేశాడు. రాయి పక్క నుంచి కిర్రు కిర్రుమని చక్రాల చప్పుడు! పోతయ్య ఆ రాయి చుట్టూనే బండి తిప్పుతున్నాడు.

“వచ్చావా సూరీ! ఇప్పటికి ముప్ఫై రాళ్ళు దాటానయ్యా. అన్నీ ఒక్కలాగే ఉన్నాయేమిటి?” అన్నాడు రొప్పుతూ.

“మావయ్యా, నేను ఏడవలేదు. వీళ్ళే ఏడ్చారు,” అంది పైడి, ఎక్కిళ్ళు పెడుతూ.

నూకాలు కూతుర్ని దింపబోయింది. సూరి ఆపాడు. “వద్దక్కా. ఈ బుల్లి కాళ్ళు వానను గెలవలేవు. బండిలోనే ఉండనీ. పోతయ్యా, పైకి చూడకు. నా వీపు చూడు.”

సూరి నేలకు పొట్ట ఆనిస్తూ ముందు నడిచాడు. వెనక బండి. బండి దాటుతున్నకొద్దీ ఒక్కొక్కరూ దాని వెనక చేరారు. వాన గట్టిగా అందుకునేసరికి అందరూ లోపల పడ్డారు. తలుపు మూశారు. గండయ్య లెక్కపెట్టాడు. ఒక్కరూ తగ్గలేదు.

తగ్గింది గింజలే. తలుపు ఆలస్యమైంది కదా, కింది గాదెలోకి నీళ్ళొచ్చాయి.

“తడిసిన గింజ మొలకెత్తుతుంది. దాచడానికి పనికిరాదు,” అని గొణిగాడు గండయ్య. “ఏం చేస్తాం, ఇప్పుడే తినెయ్యాలి.”

“ఎవరెవరు తినాలి మావా?” అంది నూకాలు.

“అదేం ప్రశ్నే! అందరూ!”

“రేపటి నుంచి బండి ముందు ఇద్దరు నడవాలి. మొదటి వంతు నాది,” అన్నాడు సూరి.

“రెండోది నాది. మానెయ్యమన్నది నేనేగా,” అన్నాడు గండయ్య.

పోతయ్య మొహమాటపడుతూ, “మా తిండి వేరనుకోండి, ఇవాళ్టికి సర్దుకుంటాలే,” అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. నూకాలు పైడిని పక్కన కూర్చోబెట్టుకుంది. బయట వాన హోరుమంటోంది. ఊరంతా వరుసగా కూర్చుని, మెత్తబడ్డ వెదురు బియ్యం తినడం మొదలుపెట్టింది.

నీతి: కొత్త బండి మన బరువు మోస్తే మంచిదే, కానీ దాన్ని నమ్మి మనం దారి మరిచిపోకూడదు.