చౌడమ్మ దాటించిన ఏరు

ఊ కొట్టేవాళ్ళు దగ్గరికి జరగండి. ఏటి మీద వంతెన లేని కాలం, మీ తాతల తాతలింకా పుట్టని కాలం. అప్పుడు సముద్రం పక్కన గవ్వలపాలెం అని ఒక ఊరుండేది. ఏటికి ఇవతల గవ్వలపాలెం, అవతల రేవూరు. ఆటు సమయానికి ఏట్లో మోకాళ్ళ దాకా నీళ్ళు, పోటు సమయానికి నడుము దాకా నీళ్ళు.

ఒక ఏడు గవ్వలపాలేనికి చౌడమ్మ వచ్చింది. చాలా దూరం నుంచి వచ్చింది. వాన మొహం చాటేసిన మెట్టసీమ నుంచి, మొగుణ్ణి దారిలోనే మట్టి చేసి, పసిగుడ్డును వీపున కట్టుకుని నడిచి వచ్చింది. సముద్రాన్ని చూసి నోరు తెరిచింది.

"ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఈ జనాలు యాడికీ పోరు పాపా. మనమూ ఈడనే ఉండిపోదాం" అంది. దోసిలితో తీసి తాగింది. ఉప్పు! థూ థూ అని ఉమ్మేసి, తనలో తాను నవ్వుకుని, అక్కడే ఉండిపోయింది.

ఆమెకు వల అల్లడం రాదు. పడవ నడపడం రాదు. చేప కోయడం రాదు. రాళ్ళు మోసిన ఒళ్ళు కాబట్టి బరువు మొయ్యడం వచ్చు. ఏటి గట్టున కూర్చుంది. చీర తడవకూడదనుకునే ఆడవాళ్ళు వచ్చేవారు, పిల్లలు వచ్చేవారు, నడుము వంగిన ముసలమ్మలు వచ్చేవారు. చౌడమ్మ వంగేది. ఎక్కించుకునేది. దాటించేది. వాళ్ళు గుప్పెడు బియ్యమో, రెండు ఎండుచేపలో చేతిలో పెట్టేవారు. పేరు మాత్రం ఎవరూ అడగలేదు. "ఏయ్ మెట్టదానా!" అని కేకేస్తే పలికేది.

వీపున వచ్చిన పసిగుడ్డు పేరు సుంకులు. వాళ్ళ ఊరి అమ్మవారి పేరు అది. ఆ పిల్ల గవ్వలపాలెంలోనే నడక నేర్చింది, మాట నేర్చింది, చేప ముల్లును నాలుకతోనే ఏరి ఉమ్మడం నేర్చింది. పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆ పిల్లను చూసి పరాయి ఊరిదని ఎవరూ అనుకోరు. పక్కన తల్లి ఉండి నోరు తెరిస్తే తప్ప.

ఆ ఏడు రేవూరి తిరునాళ్ళకు ఆడపిల్లల కోలాటం కట్టారు. ఆ జట్టుకు నాయకురాలు రేవూరి పెద్దకాపు కూతురు నూకరత్నం. ఆమె చెల్లెలు వరాలు కూడా జట్టులోనే ఉంది. సుంకులు కాలు వేస్తే లయ తప్పదని చూసి, "మాతో చేరతావా? నీ పేరేంటి?" అని నూకరత్నం అడిగింది.

"సుందరి" అంది సుంకులు. ఆ పేరు ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. నోటికి వచ్చేసింది.

మొదటిరోజు పొద్దువాలుతుండగా గవ్వలపాలెం గట్టు నుంచి కేక వినపడింది. "సుంకీ! ఓ సుంకీ! యాడుండావే!" కోలాటం కర్రలు ఆగాయి. "ఎవర్ని పిలుస్తోంది?" అంది నూకరత్నం. "ఏమో" అంది సుంకులు.

ఇంకోరోజు చౌడమ్మ ఏరు దాటి వచ్చి, ఆకులో చుట్టిన సంగటి ముద్ద పట్టుకుని కోలాటం నేర్చుకునే చావడి బయట నిలబడింది. మోకాళ్ళ పైకి ఎగ్గట్టిన చీర నుంచి నీళ్ళు కారుతున్నాయి. సుంకులు ఆటలో తల వంచుకుని, తల్లివైపు చూడకుండా చుట్టూ తిరిగింది. ఎంతసేపు నిలబడినా పిల్ల రాలేదు. చౌడమ్మ ముద్దను గుమ్మం పక్కన పెట్టి వెళ్ళిపోయింది. "ఎవరికో పాపం" అంది వరాలు.

పున్నమి రోజున నూకరత్నం, వరాలు సముద్రస్నానానికి బయల్దేరారు. "మీ ఊరే కదా, దారి చూపించు" అని సుంకుల్ని వెంటబెట్టుకున్నారు. ముగ్గురూ ఏటి గట్టుకు వచ్చేసరికి చౌడమ్మ అక్కడే ఉంది. కూతుర్ని చూడగానే ఆమె మొహం విచ్చుకుంది.

"సుంకీ, పొద్దన్నుంచి ఏమన్నా తిన్యావా?"

నూకరత్నం ఆమెను చూసింది, సుంకుల్ని చూసింది. "ఈమె నీకేమవుతుంది? సుంకీ అంటుందేంటి?"

సుంకులుకు చెవులు కాలిపోయాయి. "ఏమీ కాదు. దానికి మతి సరిగా ఉండదు. ఏ పిల్లను చూసినా తన కూతురే అనుకుంటుంది."

చౌడమ్మ కూతురి మొహంలోకి కొంచెంసేపు చూసింది. తర్వాత చేతులు కట్టుకుంది.

"అవునమ్మా. కండ్లు సరిగా ఆనవు నాకు. తప్పైపోయింది."

వంగింది. నూకరత్నాన్ని ఎక్కించుకుంది. దాటించింది. తిరిగి వచ్చి వంగింది. వరాల్ని ఎక్కించుకుంది. దాటించింది. మూడోసారి వచ్చి కూతురి ముందు వంగింది.

"ఎక్కండమ్మగారూ."

సుంకులు తల ఎత్తి చూసింది. అవతలి గట్టు నుంచి ఇద్దరూ చూస్తున్నారు. ఎక్కింది. తల్లి మెడ నరం తన మోచేతి కింద టకటకా కొట్టుకుంటోంది. చౌడమ్మ ఏరు దాటించింది. గట్టు మీద దించుతూ, "పదిలం అమ్మగారూ, జారుతాది" అంది. అంతే. అందులో కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. అవి ఉన్నా బాగుండేది అనిపించింది సుంకులుకు.

స్నానాలయ్యాయి. సాయంత్రం సాగనంపడానికి సుంకులు కూడా వాళ్ళతో ఏట్లోకి దిగింది. నీళ్ళు మోకాళ్ళ కిందే ఉన్నాయి. ఏటి నడుమ ఒక ఇసుకదిబ్బ ఉంది. వరాలు అక్కడ ఆగి గవ్వలు ఏరుతానంది. ముగ్గురూ ఏరుకుంటూ కూర్చున్నారు. ఇక్కడ చుక్క వాన లేదు. ఎగువన కొండల్లో ఎక్కడో కురిసింది. ముందు నురగ వచ్చింది. వెనకాలే ఎర్రనీళ్ళు వచ్చాయి. అదే వేళకు సముద్రం పోటు ఎక్కింది. రెండు నీళ్ళూ కొట్టుకుని, చూస్తుండగానే దిబ్బ అరచేయంత అయిపోయింది.

వరాలు కేక పెట్టింది. గవ్వలపాలెం గట్టు మీదికి జనం పరిగెత్తుకొచ్చారు. పడవలన్నీ వేటకు వెళ్ళాయి. గట్టు మీద మిగిలినవాళ్ళు ముసలివాళ్ళు, బాలింతలు. "దేవుడా, దేవుడా" అంటున్నారే గానీ దిగేవాళ్ళు లేరు. చౌడమ్మ చెంగు నడుముకు బిగించి దిగింది.

ఛాతీ దాకా నీళ్ళలో దిబ్బకు చేరింది. సుంకులు రెండు చేతులూ చాచింది. చౌడమ్మ ఆ చేతుల్ని దాటుకుని వెళ్ళి వరాల ముందు వంగింది. ఎక్కించుకుంది. దాటించింది.

రెండోసారి వచ్చింది. భుజాల దాకా నీళ్ళు. సుంకులు మళ్ళీ చేతులు చాచింది. ఆమె కూతురి వైపు కన్నెత్తి చూడలేదు. నూకరత్నం ముందు వంగింది. ఎక్కించుకుంది. దాటించింది.

దిబ్బ లేదు. సుంకులు నడుము లోతు నీళ్ళలో ఒక్కతే నిలబడింది. కాళ్ళ కింద ఇసుక జారిపోతోంది. నేను ఆమెను కాదన్నాను, ఆమె నన్ను కాదనుకుంది అనుకుంది. ఏడుపు కూడా రాలేదు. నా మాటే నాకు తగిలింది అని మాత్రం తెలిసింది.

మూడోసారి నీళ్ళలో ఒక తల కనిపించింది. గడ్డం దాకా నీళ్ళు. చౌడమ్మ వంగడానికి లేదు. వెనక్కి తిరిగి, "పట్టుకో" అంది. సుంకులు ఆ మెడను కరుచుకుంది.

సగం దూరం వచ్చాక అడిగింది. "అమ్మా, నన్నెందుకు ఆఖర్న వదిలేశావ్?"

చౌడమ్మ రొప్పుతూ చెప్పింది. "ముందు నిన్నెత్తుకుంటే ఆ పిల్లలకు తెల్సిపోదా పాపా? తెలీకూడదనుకున్యావు కదా."

ఆ మాట విన్నాక సుంకులుకు ఇంకేమీ వినపడలేదు. ఏటి హోరు లేదు, గట్టు మీది కేకలు లేవు. తర్వాత ఆ పిల్ల గొంతు చించుకుని అరిచింది.

"అమ్మా! ఇది మా అమ్మ! ఇది మా అమ్మే!"

రెండు గట్లకూ వినపడింది. రేవూర్లో కోలాటం చావడి దాకా వినపడిందని చెప్పుకుంటారు.

"గమ్మునుండే, చెవులు పోతాండాయి" అంది చౌడమ్మ. ఆమె గొంతులో నవ్వుంది.

గట్టు అందింది. ముసలివాళ్ళు వంగి సుంకుల్ని చేతులు పట్టి పైకి లాగారు. సుంకులు వెంటనే వెనక్కి తిరిగి తల్లికి చెయ్యి చాచింది. అక్కడ తల్లి లేదు. ఎర్రనీళ్ళున్నాయి.

మర్నాడు వేట నుంచి వచ్చిన పడవలు ఆమెను ఏరు సముద్రంలో కలిసే మొగదాల దగ్గర చూసి తీసుకొచ్చాయి. ఊరంతా వచ్చింది. రేవూరూ వచ్చింది. నూకరత్నం, వరాలు తండ్రి పక్కన నిలబడ్డారు. గుంట తవ్వారు. ఊరి పెద్ద పిడికెడు మన్ను తీసుకున్నాడు.

"పేరు చెప్పి వెయ్యాలి. ఈమె పేరేమిటి?"

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె వీపున పుట్టింటికి వెళ్ళినవాళ్ళున్నారు. నొప్పులు పడుతూ మంత్రసాని ఇంటికి వెళ్ళినవాళ్ళున్నారు. జ్వరంతో కాలిపోతున్న బిడ్డను ఆమె వీపున ఎక్కించినవాళ్ళున్నారు. ఒక్కరికీ ఆమె పేరు తెలియదు. పెద్దాయన చేతిలో మన్ను అలాగే ఉండిపోయింది. ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఇన్నేళ్ళూ ఎవర్నెక్కి తిరిగాం మనం అని ఎవరో గొణిగారు.

సుంకులు ముందుకు వచ్చింది. నూకరత్నం వైపు చూసి నోరు తెరిచింది. మొదటిసారి పెదాలే కదిలాయి. రెండోసారి దగ్గర ఉన్నవాళ్ళకే వినపడింది. మూడోసారి అందరికీ వినపడింది.

"మా అమ్మ పేరు చౌడమ్మ. నేను చౌడమ్మ కూతురు సుంకుల్ని."

ఒక్కొక్కరే వచ్చి, "చౌడమ్మా" అని పిలిచి పిడికెడు మన్ను వేశారు. చివర్న నూకరత్నం వచ్చి సుంకులు చెయ్యి పట్టుకుని, వదల్లేక, అలాగే నిలబడిపోయింది.

తర్వాత సుంకులు ఏటి గట్టున కూర్చుంది. ఎవరు వచ్చినా తల్లి యాసలోనే, "యాడికి పోవాల?" అని అడిగేది. ఆ వెనకే, "మీయమ్మ పేరేంది?" అనేది. పేరు చెప్పేదాకా వంగేది కాదు. గొప్పింటివాళ్ళయినా అంతే. చెప్పుకోవడానికి నామోషీ పడినవాళ్ళు గట్టునే నిలబడి, నిలబడి, చివరికి చెప్పేవారు.

ఇప్పుడు ఆ ఏటి మీద వంతెన ఉంది. బస్సులు తిరుగుతున్నాయి. అయినా అక్కడివాళ్ళు వంతెన ఎక్కగానే తల్లి పేరు పైకి చెబుతారు. చంటిపిల్లలు కిటికీలోంచి కేకలు పెట్టి మరీ చెబుతారు. పదిహేనేళ్ళ పిల్లలు మాత్రం అటూ ఇటూ చూసి నోట్లోనే గొణుక్కుంటారు. అప్పుడు పక్క సీటులో ఎవరో ఒక ముసలమ్మ, ముక్కూ మొహం తెలియకపోయినా సరే, మోచేత్తో పొడుస్తుంది.

"గట్టిగా" అంటుంది.