ఎర్రగుట్ట లైను వెనక్కి తిరిగిన రోజు

ఎర్రగుట్ట అడవిలో చీమలు నడిపే గింజల బ్యాంకు ఒకటి ఉండేది. అట్టాంటి బ్యాంకు మళ్ళీ పుట్టలేదు, ఇక పుట్టదు. గుట్ట కడుపులో ఏడు తాటిచెట్ల లోతున కొట్లు. ముందువైపు ఏడు కన్నాలు, కన్నానికి ఏడొందల చీమలు. ఏ జంతువు గింజలైనా సరే, దాచిపెడితే పురుగు పట్టదు, బూజు పట్టదు. ఏనుగు వచ్చి "నా మొక్కజొన్న" అనబోతే, మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే కండె వచ్చి నుదుటికి తగిలేది. నవ్వకండి. ఆ ఏనుగు నుదుటి మీద బొప్పి ఇప్పటికీ ఉంది, పోయి చూసుకోండి.

ఆ బ్యాంకుకి నక్క చలమయ్య మేనేజరుగా వచ్చాడు. వచ్చిన రోజే ఏడు కన్నాలూ వాసన చూసి, "ఇన్నెందుకు? దండగ. కాలం మారింది, ఒక్కటి చాలు" అన్నాడు. ఆరు కన్నాలకి మట్టి మెత్తించాడు. మిగిలిన ఒక్కదాని పక్కన చిలక రత్తాలుని కూర్చోబెట్టి రెండే మాటలు నేర్పించాడు. ఒకటి "టైమైపోయింది." రెండోది "లింకు లేదు."

కొట్టు అడుగునుంచి కన్నందాకా చీమలు బారుగా నిలబడి గింజని అందించుకుంటాయి కదా, ఆ బారునే లింకు అంటారు. అది ఎందుకు తెగుతుందో, తెగినప్పుడు ఆ చీమలు యాడికి పోతాయో రత్తాలుకి తెలీదు. తెలుసుకోమని దానికి ఎవరూ చెప్పలేదు.

ఇట్టా ఉండగా మృగశిర కార్తె తొలివాన పడింది. గుట్ట కింద మచ్చల ఎద్దు సోమలింగానికి ఎకరం చేను ఉంది. చేను బాగా తడిసింది. కానీ ఆ నేలలో పదును, అంటే విత్తటానికి సరిపడే తడి, మూడంటే మూడు రోజులే ఆగుద్ది. ఆ లోపల జొన్న వెయ్యకపోతే ఏడాదంతా చేను బీడే, సోమలింగం కడుపూ బీడే. విత్తనాలేమో బ్యాంకులో ఉన్నాయి.

మొదటి రోజు తెల్లారకముందే పోయాడు. కన్నం ముందు ముప్పై రాళ్ళు వరసగా ఉన్నాయి. ఒక్క జంతువు లేదు. తన చోటుకి ఒక రాయి పెట్టుకుని పొయ్యేది అక్కడి అలవాటు. సోమలింగానికి అట్టాంటివి చేతకావు. ముప్పై రాళ్ళ వెనక తాను నిలబడ్డాడు. పొద్దెక్కాక రాళ్ళ సొంతదారులు వచ్చారు, రాయికొకరు కాదు, రాయికి ముగ్గురు.

"ఇదేందయ్యా, ఒక్క రాయికి ఇంతమందా?" అన్నాడు సోమలింగం.

"మా బామ్మర్దులు మావా, పెళ్ళినుంచి నేరుగా వచ్చారు" అంది కోతి.

అతని వంతు దగ్గరకొచ్చేసరికి రత్తాలు రెక్క విదిలించి, "టైమైపోయింది" అంది.

రాళ్ళ దగ్గర లేచిన గొడవ విని నక్క బయటికొచ్చాడు. "ఇక రాళ్ళూ రప్పలూ కుదరవు. రేపట్నించి ఎవరైనా సరే ముందున్నోళ్ళ తోక పట్టుకుని నిలబడాల. తోక వదిలితే నంబరు పోయినట్టే. పట్టుకున్నోణ్ణి వదిలించే హక్కు ఎవరికీ లేదు. నాక్కూడా లేదు" అని బోర్డు రాయించి గుట్టకి కొట్టించాడు. ఆ చివరి మాట గుర్తుపెట్టుకోండి. దర్జాకని రాయించాడు, పాపం.

రెండో రోజు సోమలింగం ఒక గాడిద తోక పట్టుకుని పొద్దున్నించీ నిలబడ్డాడు. ముందు ఇంకా నలుగురే ఉన్నారు. అప్పుడు చిలక "లింకు లేదు" అంది.

"తల్లీ, పదును ఆరిపోద్దమ్మా. రేపొక్కరోజే ఉంది."

"లింకు లేదు."

"ఎప్పుడొస్తుంది?"

"టైమైపోయింది."

నక్క కన్నంలోంచి తలకాయ పెట్టి చూశాడు. "ఏం పెద్దాయనా, అంత తొందరైతే అదుగో, ఆ చింతచెట్టు తొర్రలో మిషను పెట్టించాం కదా. చెయ్యి పెట్టి ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకో."

సోమలింగం పోయి చూశాడు. తొర్ర ఉడత చెయ్యి పట్టేంత ఉంది. గిట్ట దూర్చాడు, దూరలేదు. కొమ్ము దూర్చాడు, ఇరుక్కుంది. ఎట్టాగో పీక్కున్నాక లోపలికి తొంగి చూస్తే గింజ లేదు, ఒక సాలెపురుగు కాపరం పెట్టి ఉంది.

"నాది గిట్ట సారూ" అన్నాడు తిరిగొచ్చి.

"కాలంతోపాటు మనం కూడా మారాల పెద్దాయనా" అన్నాడు నక్క.

మూడో రోజు. అదే ఆఖరి రోజు. కోడి కూయకముందే గుట్ట దగ్గరికొచ్చిన సోమలింగం నోరు తెరిచాడు, మూయటం మర్చిపోయాడు. అడవి మొత్తం లైనులో ఉంది. కన్నం ముందు తాబేలు తాత, ఆయన తోక పట్టుకుని ముంగిస, దాని తోక పట్టుకుని ఇంకొకటి, ఆ వెనక ఇంకొకటి... కొస కనపడితే ఒట్టు.

కొస వెతుక్కుంటా నడిచాడు. నడుస్తా ఉంటే కళ్ళు తిరిగాయి. ఏనుగు తోక పట్టుకున్న చిట్టెలుక నేలకి అందక గాల్లో వేలాడతా నిద్రపోతోంది. కొండచిలవ పదిమంది చోటు ఆక్రమించిందని వెనకాల కుందేళ్ళు తగువు పెట్టుకున్నాయి, "చుట్ట చుట్టుకో అత్తా, చుట్ట చుట్టుకో" అని. నెమలి లైనులోనే గుడ్లు పెట్టి, లైనులోనే పొదిగి, పిల్లల్ని కూడా లైనులో నిలబెట్టింది. ఇంతమంది, ఇన్ని రకాలు, పులిని చూస్తే పారిపొయ్యేవీ పొడిచి చంపేవీ, ఒకదాని తోక ఒకటి పట్టుకుని మాట మీద నిలబడి ఉన్నాయి. ఎంత దొడ్డ సంగతి! సోమలింగం తన చేను సంగతి కాసేపు మర్చిపొయ్యాడంటే నమ్మండి. తెరిచిన నోట్లో పిచ్చుక ఒకటి గూటికి రెండు పుల్లలు కూడా పెట్టేసింది.

మధ్యాన్నానికి గుట్ట వెనక్కి చేరాడు. అక్కడ దొరికింది కొస. ఏదుపంది గవరమ్మ ఒంటరిగా నిలబడి ఉంది.

"అన్నా! నువ్వన్నా నిలబడు. పొద్దున్నించీ నా వెనక ఎవరూ నిలబడట్లా. తోక పట్టుకోమంటే పారిపోతన్నారు."

సోమలింగం ఆమె ముళ్ళు చూశాడు. "పరవాలేదులే చెల్లెమ్మా" అని కళ్ళు మూసుకుని గిట్ట పెట్టాడు. నాలుగు ముళ్ళు దిగాయి. కుయ్యోమని వెనక్కి గెంతాడు. వెనక తుప్ప ఉంది. తుప్ప విరుచుకుని అవతల పడ్డాడు.

పడ్డవాడు పడ్డట్టే ఉండిపోయాడు. తుప్ప వెనక గుట్టకి ఇంకో కన్నం ఉంది. ఎవరికీ తెలీని ఎనిమిదో కన్నం. పులి బావమరిది దుమ్ములగొండి సంచీ పట్టుకుని దర్జాగా చతికిలబడి ఉన్నాడు. పక్కన కాల్చిన కోడి ఒకటి ఆకులో పెట్టి ఉంది, మేనేజరుకి లంచం. నక్క చలమయ్య నడుందాకా కన్నంలో దూరి, లోపలున్న చీమల మీద కేకలేస్తన్నాడు. "ముందు కన్నం చీమలందర్నీ ఇటు రమ్మను! పెద్దోళ్ళు వచ్చారు!" బయటికి కనపడతా ఉంది ఆయన తోక ఒక్కటే, పొదలా, మిలమిలా.

అప్పుడర్థమైంది సోమలింగానికి లింకు యాడికి పోతందో.

వేరే ఎవరన్నా అయితే కుమ్మేవాళ్ళు. సోమలింగం అట్టాంటోడు కాదు. పద్ధతి ప్రకారం పొయ్యే మనిషి. కన్నం ఉంది. కన్నం ముందు తోక ఉంది. బోర్డులో ఏం రాసుంది? ముందున్నోళ్ళ తోక పట్టుకోవాల. మెల్లిగా లేచి, దుమ్ము దులుపుకుని, గిట్ట తీసి ఆ తోక మీద పెట్టాడు. తన బరువంతా పెట్టాడు.

లోపల్నించి ఒక కేక వచ్చింది చూడండి, గుట్ట మీద రాళ్ళు దొర్లాయి.

"ఎవడ్రా అది?"

"నేను సారూ, సోమలింగాన్ని. తమరి వెనక నంబరు నాదే."

"కాలు తియ్యి!"

"తీస్తే నంబరు పోద్ది కద సారూ. వదిలించే హక్కు తమక్కూడా లేదని బోర్డులో ఉంది." అని వెనక్కి తిరిగి పిలిచాడు. "చెల్లెమ్మా గవరమ్మా! ఇటు తిరుగు. నా తోక పట్టుకో. కౌంటరు ఇక్కడుంది."

గవరమ్మ తిరిగింది. తిరిగి తన ముందున్నోడికి చెప్పింది, "ఇటు తిరగండి, కౌంటరు ఇక్కడుందంట." వాడు తిరిగి ఇంకొకడికి చెప్పాడు.

అట్టా బయల్దేరింది ఆ మాట. ఇటు తిరగండి. ఇటు తిరగండి. గుట్ట చుట్టూ ఒక్కొక్కటే తిరగటం, ఏనుగు తిరిగేసరికి వేలాడే చిట్టెలుక గిర్రున బొంగరమై తిరగటం, కొండచిలవ తల తిరిగాక తోక తిరగటానికి అరపూట పట్టటం. వేలకాళ్ళు ఒక్కసారి మళ్ళితే లేచిన ఎర్రదుమ్ము మబ్బుని తాకింది, మబ్బు తుమ్మింది. ఆ తిరుగుడికి ఎర్రగుట్ట కూడా ఒక జానెడు పక్కకి తిరిగిందంటారు. నేను జానెడంటున్నా, నలుగురు మూరెడని కూడా అన్నారు.

తుప్పలోంచి వరసగా పొడుచుకొస్తన్న తలకాయల్ని చూసి దుమ్ములగొండి లేచాడు. "మా బావకి చెప్తా!"

"చెప్పు నాయనా" అంది గవరమ్మ. "వచ్చేటప్పుడు ఆయన్ని నా వెనకే నిలబడమను."

దుమ్ములగొండి సంచీ వదిలేసి పరుగు. కోడిని కూడా వదిలేశాడంటే ఎంత భయపడ్డాడో చూడండి.

అంతలో లైను అవతలి కొసనుంచి నోటికి నోరుగా కబురొచ్చింది. తాబేలు తాత పంపాడు. "రాత్రినుంచీ మొదటోణ్ణి నేను. ఇప్పుడు ఆఖరోణ్ణి అయ్యానా? ఇదెక్కడి న్యాయంరా సోమలింగం?"

సోమలింగం ఆలోచనలో పడ్డాడు. పొద్దు వాలతా ఉంది. ఇప్పుడు "నా జొన్నలు" అంటే చాలు, ముందు ఉండేది తానే, పదును ఉండగానే చేను చేరొచ్చు. కానీ గింజలు తీసుకోవాలంటే కాలు ఎత్తాల. కాలు ఎత్తితే నక్క జారుకుంటాడు, ఎనిమిదో కన్నం కూడా మట్టి కొట్టుకుపోద్ది, తాత ముందున్నా వెనకున్నా ఒకటే అవుద్ది.

"సారూ" అన్నాడు. "తమరి తలకాయ ఎట్టాగూ లోపలే ఉంది. చీమలకి తమరి మాట బాగా వినపడుద్ది. ఆ ఏడు కన్నాలూ తెరవమనండి."

"కుదరదు! స్టాఫు లేరు!"

లోపల్నించి సన్నగా, వేల గొంతులు ఒక్కసారి పలికాయి. "ఉన్నాం సారూ. నాలుగువేల తొమ్మిదొందలమందిమి ఇక్కడే ఉన్నాం. పనిలేక మా కాళ్ళు తిమ్మిరెక్కాయి."

సోమలింగం ఇంకొంచెం బరువు పెట్టాడు.

"తెరవండ్రా! తెరవండి! తెరవండి నాయన్లారా!" అన్నాడు నక్క చలమయ్య.

ఇక ఆ దృశ్యం ఎట్టా చెప్పేది? అటువైపు ఆరు కన్నాల మట్టి ఢాం ఢామ్మని ఎగిరిపడింది. చీమలు కావవి, నల్లటి ఏరు. ఆ ఏటి మీద తెల్లగా, పచ్చగా, ఎర్రగా గింజలు తేలుకుంటా వచ్చాయి. చిలక రత్తాలు "లింకు..." అని నోరు తెరిచింది. నేర్చుకున్న మిగతా మాట రాలేదు. కొత్తమాట వచ్చింది దానికి, మొదటిసారి సొంతంగా. "ఉందే!"

పొద్దున్నించీ కదలని లైను, చూస్తా చూస్తా ఉంటే కరిగిపోయింది. తాబేలు తాతకి శెనగలు, ముంగిసకి కందులు, ఏనుగుకి మొక్కజొన్న, చిట్టెలుకకి ఒకే ఒక్క వడ్లగింజ, ఇంటికి మోసుకుపొమ్మని. ఆఖర్న చీమలు అడిగాయి. "ఇంకెవరన్నా ఉన్నారా?"

"నేనున్నా" అన్నాడు సోమలింగం. అప్పుడు తీశాడు కాలు.

కుంచెడు జొన్నలు కొమ్ములకి కట్టుకుని చేనికొచ్చాడు. చూస్తే పొద్దు బెత్తెడే ఉంది. ఒంటరిగా విత్తే గొర్రు లాగితే రేపు మధ్యాన్నం అవుద్ది. తెల్లారితే పదును ఉండదు. గట్టు మీద కూలబడ్డాడు. ముళ్ళు దిగిన గిట్ట సలుపుతోంది.

వెనక ఏదో చప్పుడైంది. తిరిగి చూశాడు. లైను వచ్చింది. మొత్తం లైను, తోకలు పట్టుకుని, ఒక్కటి తగ్గకుండా.

"మూడు రోజులు ఉత్తపుణ్యానికి నిలబడ్డోళ్ళం" అన్నాడు తాబేలు తాత. "ఇంకో గడియ నిలబడితే మా కాళ్ళేం అరిగిపోవులే. ఎట్టా నిలబడమంటావో చెప్పు."

సోమలింగం గట్టు మీంచి లేచేలోపలే గవరమ్మే కేకేసింది. "ఇటు తిరగండి!"

చేను ఆ కొసనుంచి ఈ కొసదాకా పరుచుకున్న లైను, ఈసారి పక్కకి తిరిగింది. ఒక్కసారి ముందుకి నడిచింది, అంతే. అడవిపంది ముట్టెతో సాలు తీసింది, ఎలుక గోళ్ళతో తీసింది, కొండచిలవ పాకితే గీత గీసినట్టు సాలు. కాకి గింజ వేసింది, తినకుండా వేసింది, అది కూడా చెప్పాల. గవరమ్మ ముళ్ళతో ఒక్కడుగుకి నలభై గుంతలు. పొద్దు గుంకేలోపల ఎకరం మొత్తం ఒక్క నడకలో విత్తారు. ఆ ఏడు అక్కడ పండిన జొన్నకంకి ఒక్కోటి ఎంతుందంటే... వద్దులే, అది చెప్తే మీరు ముందు చెప్పినవి కూడా నమ్మరు.

నక్క చలమయ్య సంగతా? ఎట్టాగో కన్నంలోంచి బయటపడ్డాడు. తోక తాటాకు విసనకర్రలా అణిగిపోయింది. ఆకలేసి, తాను దాచుకున్న రేగుపళ్ళ కోసం మర్నాడు బ్యాంకుకొచ్చాడు. కన్నం దగ్గర రత్తాలు మర్యాదగా రెక్క చాపింది. "లైనులో రండి సారూ." లైనులో ఉండేది ఒక్కతే, గవరమ్మ.

"రండి మేనేజరు గారూ" అంది గవరమ్మ, వెనక్కి చూడకుండా. "తోక పట్టుకోండి."

పదిమందిని ఊరికే నిలబెట్టి ఆడుకునేవాడు, ఆ పదిమందీ ఒక్కసారి తనవైపు తిరిగితే ఏమవుద్దో ముందే ఊహించుకోవాల.