గట్టయ్య పంజా గుర్తు

అనగనగా ఒక అడవిలో, ఇప్పపూలు రాలి నేలంతా తియ్యటి వాసన వేసే చోట, ఒక చెవులపిల్లి ఉండేది. దాని పేరు సిరిమల్లె. కళ్ళు తెరిచే కలలు కనేది. మబ్బు చూసినా, పుట్ట చూసినా దానికి ఒక్కటే రూపం కనిపించేది. ఆ రూపం గట్టయ్యది.

గట్టయ్య ఒక ఎలుగుబంటి. గుద్దులాటలో ఆ అడవికి పెట్టింది పేరు. ఎండిన వాగులో ఇసుక బరి ఉండేది. ఆ బరిలో గట్టయ్య రెండు కాళ్ళ మీద లేస్తే, నల్లమబ్బు లేచి నిలబడినట్టుండేది.

బరి నడిపేవాడు ఉడుము పట్టాభి. ఎవరు ఎవరితో, ఎప్పుడు కొట్టుకోవాలో ఆయనే కుదిర్చేవాడు. చూడటానికి వచ్చినవాళ్ళు తలా ఒక దొప్పెడు ఇప్పపూలు ఆయన ముందు పెట్టి కూర్చునేవాళ్ళు. ఎలుగుబంట్లకి ఇప్పపూలంటే ప్రాణం కదా. సిరిమల్లె పొద్దున్నే లేచి, ఇంకా మంచు ఆరని పూలే ఏరి తెచ్చేది. "ఇవి గట్టయ్యన్న తింటాడు" అనుకుంటే దాని ఒళ్ళు పులకరించేది.

అక్కడ ఒక కట్టుబాటు ఉంది పిల్లలూ. కొట్టుకునేవాడు బంకమట్టి ముద్ద మీద పంజా గుర్తు వేసి ఇవ్వాలి. ముద్ద ఉన్నన్నాళ్ళు కుదిర్చినవాడి మాట వినాలి. ఆ ముద్దని బరి పక్కన బండరాతి మీద, ఆకాశం కింద పెట్టాలి. వానలు రాగానే ముద్ద కరుగుతుంది. దాంతోపాటే ఒప్పందమూ కరిగిపోతుంది.

సిరిమల్లెకి ఇవేవీ పట్టేవి కావు. దానికి కావలసిందల్లా ఒక్కటే. ఏటవతలి ఎలుగు కొండయ్యతో గట్టయ్య తలపడాలి. అడవి అడవంతా ఆ రోజు కోసమే చూస్తోంది.

"వచ్చేసారి తప్పకుండా" అనేవాడు పట్టాభి.

మొదటిసారి, పళ్ళూడిన ముసలి ఎలుగుని దింపాడు. గట్టయ్య ఒక్క గుద్దుకి పడేశాడు. రెండోసారి, కాల్లో ముల్లు దిగినవాడిని తెచ్చాడు. వాడూ పడ్డాడు. మూడోసారి, ఎక్కడో దూరం నుంచి తిండి లేక నడిచొచ్చినవాడిని నిలబెట్టాడు. వాడు తల వంచేసరికి గట్టయ్య గుద్దు వెళ్ళి బండకి తగిలింది. రెండో గుద్దుకి వాడూ పడ్డాడు. సిరిమల్లె గంతులేసి అరిచింది.

పక్కన కూర్చున్న ముళ్ళపంది తాత మాత్రం ప్రతిసారీ అవే ప్రశ్నలు వేసేవాడు. "ఈ జోడీ ఎవరు కుదిర్చారు? ఎందుకు కుదిర్చారు? గట్టయ్యకి ఏం ముడుతుంది?"

సిరిమల్లెకి విసుగొచ్చింది. "తాతా, నువ్వు ఆట చూడ్డానికొచ్చావా, బేరం చూడ్డానికొచ్చావా?"

"ఆట కోసమే తల్లీ. బరిలో మనకి కనబడేది గుద్దు. ఆ గుద్దు ఎవరి మీద పడాలో బరి బయట తేలుతుంది. అక్కడ కుళ్ళితే ఇక్కడ కంపు కొడుతుంది."

"ముళ్ళు నీ ఒంటి మీదే అనుకున్నాను, నీ మాటకీ ఉన్నాయి" అని మూతి తిప్పుకుంది సిరిమల్లె.

మర్నాడే పట్టాభి చాటింపు వేయించాడు. వచ్చే పున్నమి సాయంత్రం గట్టయ్యకీ కొండయ్యకీ పోటీ.

సిరిమల్లెకి నేల మీద కాలు నిలవలేదు. దొప్పెడు పూలు పట్టుకుని, మొదటిసారిగా గట్టయ్య గుహకే పరిగెత్తింది. తీరా చూస్తే గట్టయ్య మూలన ముడుచుకుని ఉన్నాడు. కుడి పంజా గుమ్మడికాయలా వాచిపోయింది.

"ఇప్పపూలా?" అన్నాడు గట్టయ్య. వాసన చూసి కళ్ళు మూసుకున్నాడు. "వీటి రుచి మర్చిపోయి చాన్నాళ్ళయింది చెల్లీ."

సిరిమల్లె దొప్ప కింద పెట్టేసింది. "అదేమిటన్నా? ప్రతిసారీ నీకోసమే తెచ్చానే."

"అన్నీ పట్టాభి బొరియలోకే పోతాయి. నాకు అడుగున మిగిలిన తొడిమలు."

"ఈ చేత్తో కొండయ్యతో ఎలా కొడతావు?"

"కొట్టలేను. ఈసారి దెబ్బ తగిలితే ఈ పంజా ఇంక లేవదు. పుట్ట తవ్వలేను, చెట్టెక్కలేను. ఇన్నాళ్ళూ పట్టాభి కొండయ్య పేరు చెప్పి మిమ్మల్ని రప్పించాడు. ఇప్పుడు నా పని అయిపోతోందని తెలిసి, ఆఖరి పంట కోసుకుంటున్నాడు."

"రానని చెప్పు."

"నా ముద్ద ఆయన దగ్గరుందిగా."

"నిరుటి వానలు వచ్చి వెళ్ళాయి కదా. ఇంకా కరగలేదా?"

గట్టయ్య తల దించుకున్నాడు. "వాన చుక్క చేరని బొరియలో దాచాడు. రాతి మీద ముద్ద లేదేమని మీలో ఒక్కరైనా అడగలేదు."

ఆ మాట సిరిమల్లెకి ముల్లులా దిగింది. ఇంటికి వెళ్ళి ఆలోచించింది. నోరు మూసుకుంటే కల నిజమవుతుంది, కానీ గట్టయ్యన్న పంజా పోతుంది. నోరు తెరిస్తే పోటీ ఆగుతుంది. మళ్ళీ ఎన్నడో, అసలు ఉంటుందో ఉండదో.

పున్నమి వచ్చింది. అడవంతా వాగులో కూర్చుంది. గట్టయ్య, కొండయ్య ఎదురెదురుగా నిలబడ్డారు. అప్పుడు సిరిమల్లె బరిలోకి దిగింది.

"పట్టాభి మామా, గట్టయ్యన్న ముద్ద ఎక్కడ?"

పట్టాభి నవ్వాడు. "ఆట చూడమ్మా. బేరాలు నీకెందుకు?"

అది తాను తాతతో అన్న మాటే. సిరిమల్లెకి సిగ్గేసింది, అయినా కదల్లేదు. "పూలు మావి, పంజా ఆయనది. మాకు కాక ఇంకెవరికి?"

ముళ్ళపంది తాత లేచాడు. "ముద్ద ఎక్కడ?" జింకలు అడిగాయి. నెమళ్ళు అడిగాయి. చివరికి కొండయ్య కూడా, "నాదీ నీ దగ్గరేగా, అదీ తే" అన్నాడు. అసలే ఉడుం పట్టు. పట్టాభి చాలాసేపు వదల్లేదు. కానీ ఎవరి దొప్ప వాళ్ళు వెనక్కి తీసుకుంటుంటే, ఇంకేం చేస్తాడు? ముద్దలు తెచ్చి బండరాతి మీద పెట్టాడు.

వాన లేదు. అయితేనేం, పక్కనే మడుగుంది. సిరిమల్లె వెళ్ళి పుక్కిటి నిండా నీళ్ళు తెచ్చి ముద్దల మీద వదిలింది. దాని వెనక జింకలు, జింకల వెనక నెమళ్ళు. చూస్తుండగానే పంజా గుర్తులు చెదిరి, బురదై, రాతి మీంచి జారిపోయాయి.

గట్టయ్య ఇంటికెళ్ళాడు. ఆ రాత్రి కడుపునిండా ఇప్పపూలు తిన్నాడు.

మరుసటి ఏడు, పంజా నయమయ్యాక, గట్టయ్యా కొండయ్యా వాళ్ళంతట వాళ్ళే కూర్చుని రోజు కుదుర్చుకుని, కొత్త ముద్దల మీద గుర్తులు వేశారు. ఆ సాయంత్రం సిరిమల్లె ముందు బండరాతి దగ్గరకెళ్ళి, ముద్దలు ఆకాశం కిందే ఉన్నాయో లేదో చూసుకుని, అప్పుడు వచ్చి కూర్చుంది.

పక్కనున్న ఉడుతపిల్ల కిసుక్కున నవ్వింది. "అక్కా, ఆట చూడ్డానికొచ్చావా, బేరం చూడ్డానికొచ్చావా?"

"ఆట కోసమే చిట్టీ" అంది సిరిమల్లె, గట్టయ్య మీంచి చూపు తిప్పకుండా.

నీతి: మనం ఇష్టపడేవాడి గెలుపుని చూసి చప్పట్లు కొడితే చాలదు; ఆ గెలుపు వెనక వాడికి న్యాయం జరుగుతోందో లేదో కూడా అడగాలి.