సింగారమ్మ నాచుతోట

భీమిలి రోడ్డులో ఒక హోటల్ ఉంది. దాని ముందుగదిలో గోడంత గాజుతొట్టి, అందులో సముద్రపు నీళ్ళు, పగడాలు, రంగురంగుల చేపలు. వచ్చినవాళ్ళంతా ముక్కు గాజుకి ఆనించి చూసి ముచ్చటపడి పోతుంటారు. ఆ తొట్టి కింద చెక్కబీరువాలో ఇంకో చిన్న తొట్టి ఉందని వాళ్ళెవరికీ తెలియదు. పై నీళ్ళు గొట్టంలోంచి అందులోకి దిగుతాయి. మోటారు వాటిని మళ్ళీ పైకి తోస్తుంది. కింద ఆ గొట్టానికీ మోటారుకీ మధ్య, దీపం వెలుగులో, ఒక పచ్చటి నాచుతోట. చేపలు విడిచిన మురికంతా ఆ నాచుకి ఎరువు. అది మురికి తిని, నీళ్ళు తేటచేసి పైకి పంపుతుంది. తోట చచ్చిందా, పైన పగడాలూ దక్కవు, చేపలూ దక్కవు.

ఆ తోట సింగారమ్మ అనే పీతది. వేలెడంత తీగముక్క నుంచి అంత తోట చేసింది తనే.

"పైవాళ్ళు తాగే ప్రతి గుక్కా నా తోట కడిగిచ్చిందే! రంగులు వాళ్ళవి, రాజ్యం నాది!" అనేది, రెండు డెక్కలూ పైకెత్తి.

ఆ మాటలో అబద్ధం లేదు. కానీ గర్వం ముదిరి, ఒక్క ఆకు తెగినా ఊరుకునేది కాదు. చేతిలో కత్తెరల్లాంటి డెక్కలు పెట్టుకుని ఏనాడూ తోట కోసి ఎరగదు.

ఎర్రన్న అనే రొయ్య ఆమెకు తోడుండేవాడు. "అప్పా, తోట మరీ ఒత్తయిపోనాది. అడుక్కి వెలుగు దిగట్లేదు. పైపైన కాస్త కోసేద్దుమా?" అన్నాడు ఒకనాడు.

"ముందు నా పీక కొయ్యి, ఆనక నాచు కోద్దువుగాని!" అంది సింగారమ్మ.

"కుండలో కూడు కుండలోనే ఉండాల, పిల్లోడు దుడ్డులా ఉండాలంటే ఎలాగప్పా?" అని గొణుక్కుంటూ పోయాడు ఎర్రన్న.

పైతొట్టిలో రంగారాయుడు అనే చిలకచేప ఉండేవాడు. చిలకముక్కులాంటి నోరు, నెమలికంఠం రంగు ఒళ్ళు, నిలువెల్లా టక్కరితనం. పైన రాళ్ళమీద నాచంతా గీకి తినేశాక అతని కన్ను కిందితోట మీద పడింది. నీళ్ళతోపాటు గొట్టంలోకి జారి, దబ్బున కింద పడ్డాడు. పడ్డది కిందితొట్టి మొదటి అరలో, తిరిగి పైకి ఎక్కే దారి లేదు. ఆ అరకీ తోటకీ మధ్య సన్నటి చీలికలున్న అడ్డుగోడ ఉంది. అందులోంచి నీళ్ళు దూరతాయి, రొయ్య దూరుతుంది, రాయుడు దూరలేడు.

"ఏవమ్మా సింగారమ్మా, ఇంత తోటకి కాపలా లేదేటి? నాలుగు తీగలు ఇటు వాలనీ. కంటికి రెప్పలా కాసిపెడతాను," అన్నాడు.

"నక్క కాపలా కాస్తానంటే కోళ్ళగూడు తలుపు తీసినట్టు! నోరు కట్టుకుని కూర్చోండి రాయుడు గారూ!" అంది సింగారమ్మ.

కానీ నీటి ఊపుకి తీగల కొసలు చీలికల్లోంచి అటు దూరేవి. దూరినవాటిని దూరినట్టే రాయుడు పుటుక్కున కొరికేవాడు. ఆమె తిట్టేది, తీగల్ని వెనక్కి లాగేది. లాగేలోగా ఇంకో కొస తెగేది.

ఇలా ఉండగా నీళ్ళు కంపుకొట్టసాగాయి. ఎర్రన్న తోట అడుక్కి దిగి చూసి పరుగున వచ్చాడు.

"అప్పా! నడిమి తోట తెల్లబడిపోయి కారిపోతంది! పైన పగడాలు మూతులు ముడుచుకున్నాయట!"

సింగారమ్మ వెళ్ళి చూసింది. పట్టుకుంటే చాలు, తీగలు గంజిలా చేతిలోంచి జారిపోతున్నాయి. "ఇది ఆ దొంగ పనే! వాడి నోరు తగిలే నా తోట చస్తోంది!" అని అరుస్తూ గోడ దగ్గరకు పోయింది.

పోయి, చీలికల దగ్గరి తీగల్ని చూసింది.

దొంగ కొరికిన ఆ మూల ఒక్కటే నవనవలాడుతోంది. తెగిన ప్రతి కొస దగ్గరా లేతచిగుళ్ళు వేస్తున్నాయి. తను ఆకు తెగకుండా కాపాడిన చోటే కుళ్ళిపోతోంది.

తన డెక్కల కేసి చూసుకుంది. "ఎర్రన్నా," అంది, "నువ్వన్నమాటే నిజంరా. నా తోటని నేనే ఊపిరాడకుండా చేశాను. రా, కోద్దాం."

ఇద్దరూ కలిసి కుళ్ళినదంతా కోసి తేలగొట్టారు. హోటల్ వాళ్ళు దాన్ని దోసిళ్ళతో ఎత్తి పారేశారు. అడుగుదాకా వెలుగు దిగింది. నీళ్ళు మెల్లగా తేటపడ్డాయి, పైన పగడాలు విచ్చుకున్నాయి.

నాచుకి ప్రాణం వచ్చింది, ఇక ఆగదు. రోజూ కోస్తే గాని అదుపులో ఉండదు. అంత కోత ఇద్దరివల్ల అయ్యే పనా? సింగారమ్మ ఆలోచించింది. ఏపుగా ఎదిగిన తీగల్ని తనే గోడవైపు నెట్టి, చీలికల్లోంచి దూరనిచ్చి, గొంతు చించుకుంది.

"అయ్యో, దొంగ పడ్డాడు! నా తోట దోచేస్తున్నాడు!"

రాయుడికి ఆ ఏడుపు వింటే ఆకలి రెట్టింపయ్యేది. పొద్దస్తమానం కరకర నమిలేవాడు. గొట్టం కింద నిలబడి పైచేపలకు వినపడేలా, "చూశారుట్రా నా ప్రతాపం! పీత తోటని పట్టపగలే దోస్తున్నాను!" అని కేకలేసేవాడు.

ఒకనాడు ఎర్రన్న నవ్వు ఆపుకోలేకపోయాడు.

"బావూ, మీరు మేసిందంతా మేం కొయ్యవలసిందే! కోత కోస్తన్నారు, పైపెచ్చు ఎరువూ ఏస్తన్నారు. కూలి అడగని కూలోడు మా అప్పకి దొరికినాడు!"

రాయుడి ముఖం మాడిపోయింది. "అయితే ఇక ముట్టను! తోట ఎలా బతుకుతుందో చూస్తాను!" అని మూలకు తిరిగాడు.

"మానండి రాయుడు గారూ," అంది సింగారమ్మ తాపీగా. "కోత నాకూ వచ్చిందిప్పుడు. కాస్త ఆలస్యమవుతుంది, అంతే. మరి మీ కడుపు సంగతి?"

దీపం వెలిగింది. లేత తీగలు చీలికల్లోంచి రాయుడి ముక్కు ముందే ఊగసాగాయి. కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తరువాత దొంగకి తేలు కుట్టినట్టు, చప్పుడు కాకుండా, ఒక కొస కొరికాడు. ఆ తరువాత ఇంకోటి.

సింగారమ్మ తోట నడుమ రొమ్ము విరుచుకుని నిలబడి అంది:

"ఎర్రన్నా, మన కూలీ పనిలో దిగాడు. అటువైపు తీగలు కూడా తోసెయ్!"

కోత తెలిసినవాడికి దొంగైనా కొడవలే.