కాలువలో తొలి స్నానం

జొన్నలపాడుకు కాలువ తవ్వించేశానని అధికారి భుజంగరాయుడు నిండు సభలో రాజుకు విన్నవించాడు. నీళ్లకోసం మొర పెట్టుకోవడానికి వచ్చిన ఆ ఊరి రైతు సన్నెమ్మ అది విని నివ్వెరపోయింది. అక్కడ ఒక్క గునపమూ దిగలేదు. అయినా ఆమె చేతులు జోడించి, "మహాప్రభూ, కాలువలో తొలి స్నానం దాన్ని తవ్వించిన ఈ దొరగారే చెయ్యాలని మా కోరిక," అంది.

రాజు ముచ్చటపడి, "ఆ స్నానం చేశాకే కొలువుకు రావయ్యా," అని ఆజ్ఞాపించాడు.

భుజంగరాయుడు వందలమంది కూలీలను దింపి, ఎండలో తానే నిలబడి తవ్వించాడు. పదోరోజున నీళ్లొచ్చాయి. బురదనీళ్లలోనే గబగబా మునిగి లేచి, గట్టుమీదున్న సన్నెమ్మను అడిగాడు.

"నేను చెప్పింది అబద్ధమని ఆ రోజే రాజుగారితో అనలేదేం?"

"అంటే విచారణ మొదలయ్యేది దొరా. అది తేలేలోగా మా పైరు ఎండిపోయేది," అంటూ ఆమె పార పట్టుకుని చేనికి నీళ్లు మళ్లించుకుంది.