పోలమ్మత్త రాసిన కామెంట్లు

అనగనగా అంటే మరీ పాత రోజులు కావు పిల్లలూ. అడవిలోకి కంప్యూటర్ వచ్చిన కొత్తలో జరిగిందిది.

ఆ అడవి కబుర్లన్నీ ఒక పేజీలో కనిపించేవి. నీళ్లెక్కడున్నాయో, వేటగాళ్లు వలలెక్కడ పన్నారో జంతువులు అందులో చూసుకునేవి. ఆ పేజీలో అక్షరాల సైజు, రంగు ఎలా ఉండాలో చెప్పే ప్రోగ్రాంని స్టైల్‌షీట్ అంటారు. దాన్ని రాసింది పోలమ్మ అనే ముసలి అలుగు, ఒంటినిండా పొలుసులుండే జంతువు. మధ్యమధ్యలో కామెంట్లు కూడా పెట్టేది. అంటే, తర్వాత పనిచేసేవాళ్లకు అర్థం కావాలని రాసే మాటలు. "ఈ ఆకుపచ్చ రంగు చిలకలు గోల చేస్తే పెట్టాను. నాకైతే నచ్చలేదు" అని ఉండేది ఒకచోట. చదువుతుంటే ఆమే పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టుండేది.

పోలమ్మ కాలం చేసింది. ఆ పని చిట్టెన్న అనే ముంగిసకు వచ్చింది. ఒక వానాకాలం పేజీ మరీ మెల్లగా తెరుచుకోసాగింది.

"ఈ కామెంట్ల బరువే ఇదంతా. తీసిపారేస్తాను," అన్నాడు చిట్టెన్న.

అతనితో పనిచేసే కుందేలు రావులమ్మ అడ్డుపడింది. "వద్దు తమ్ముడూ! యంత్రం కామెంట్లను దాటుకుని పోతుంది. వాటివల్ల ఆలస్యం రెప్పపాటు కూడా ఉండదు. పోలమ్మత్త మాటలు పోతే మళ్లీ రావు."

"నీకు అత్త మీద బెంగ అక్కా!" అని నవ్వి, అన్నీ చెరిపేశాడు.

పేజీ ఎప్పటిలాగే మెల్లగా వచ్చింది. ఇంకేం తీయాలా అని స్టైల్‌షీట్‌లో చూశాడు. వలల హెచ్చరికను బాగా పెద్ద అక్షరాల్లో చూపించే వరుస కనిపించింది. అదెందుకుందో చెప్పే కామెంట్ ఇప్పుడు లేదు. దాన్నీ తీసేశాడు. అయినా వేగం పెరగలేదు.

మర్నాడు పొద్దున వాగువైపు నుంచి కేక వినిపించింది. చూపు మందగించిన దుప్పి కొమరయ్య తాత వలలో పడ్డాడు. చిట్టెన్న, రావులమ్మ పరుగెత్తారు. చిట్టెన్న నోరు చీరుకుపోతున్నా ఆగకుండా తాళ్లు కొరికాడు. వేటగాడు వచ్చేలోపు తాత బయటపడ్డాడు.

"హెచ్చరిక చూడలేదా తాతా?" అడిగాడు చిట్టెన్న.

"చూశాను నాయనా. ఏవో చీమల్లా కనిపించాయి. పోలమ్మ నాకోసం పెద్దగా రాసేది."

చిట్టెన్న తల దించుకున్నాడు. వెళ్లి అక్షరాలు మళ్లీ పెద్దవి చేశాడు. ఓపిగ్గా వెతికితే అసలు సంగతి బయటపడింది. నెమలి తన ఫొటోని కొండంత సైజులో పెట్టించుకుంది! దాన్ని చిన్నది చేయగానే పేజీ చటుక్కున తెరుచుకుంది.

"అత్త కామెంట్లు గుర్తున్నాయా అక్కా? చెప్పు, రాస్తాను," అన్నాడు.

రావులమ్మ గుర్తున్నంతవరకు చెప్పింది. సంగతులు వచ్చాయి గానీ, అత్త చెప్పే తీరు రాలేదు.

నీతి: ఎందుకుందో తెలియనిదాన్ని బరువని తీసిపారేయకూడదు, ముందు తెలుసుకోవాలి.