ఓటికుండల నూకాలు

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, మీ ముత్తాతకి ముత్తాత ఉయ్యాల్లో ఏడుస్తున్న రోజుల్లో, కొండకింద ఒక ఊళ్ళో నూకాలు అనే ఆవిడ ఉండేది. ఆ ఊళ్ళో అందరికీ పేరు ముందు పని ఉండేది. కమ్మరి గవరయ్య, వడ్రంగి లచ్చన్న, కుమ్మరి సింహాద్రి. ఈవిడ మాత్రం ఉత్త నూకాలు. తన పేరు ముందు కూడా ఒక పని ఉండాలని ఆవిడ ప్రాణం కొట్టుకునేది.

ముందు కమ్మరి కొలిమికి వెళ్ళింది. తిత్తి ఊదమన్నాడు, ఊదింది. ఊరుకోవచ్చు కదా! చల్లారిన పారని వేలి కణుపుతో మూడుసార్లు కొట్టింది. చెవి ఆన్చింది.

"గవరయ్య మావా, ఇది ఇరిగిపోద్ది," అంది, కొనడానికొచ్చినవాడి ముందే.

గవరయ్య పంపేశాడు.

తర్వాత వడ్రంగి దగ్గరికి వెళ్ళింది. బండిచక్రాన్ని మూడుసార్లు కొట్టింది. చెవి ఆన్చింది.

"లచ్చన్న బావా, ఈ సెక్రం ఆకుల్లో ఒకటి వదులుగా ఉంది."

లచ్చన్న కూడా పంపేశాడు. వారం తిరక్కుండా పార విరిగింది, చక్రం ఊడింది. అంతా నూకాలు దిష్టే అన్నారు ఇద్దరూ.

ఇక మిగిలింది కుమ్మరి సింహాద్రి. జమీందారు గారింట్లో పెళ్ళి, రెండు వందల కుండలు కావాలి. మట్టి తొక్కడానికి మనిషి దొరికితే చాలన్నాడు. ఇదీ పోతే తనకి ఇంకో గుమ్మం లేదని నూకాలుకి తెలుసు. అందుకని నోట్లో కొంగు కుక్కుకుని మట్టి తొక్కింది. కుండలు కాలాక ఆవం విప్పారు. నోరు మాట వింది గానీ, కాలిన కుండ ఎదురుగా కనిపించేసరికి వేలు వినలేదు. మూడుసార్లు కొట్టింది. చెవి ఆన్చింది.

"ఏటమ్మా ఆ మొకం?" అన్నాడు సింహాద్రి.

"నానేటీ అన్లేదన్నా."

"అనకపోయినా ఇనిపించింది. సెప్పు."

"ఓటిది."

"నలబై ఏళ్ళ బట్టి సారె తిప్పుతున్నాను, నాకు తెల్దా?"

ఆవిడకి బుద్ధి చెప్పాలని అదే కుండలో నీళ్ళు నింపి, నెత్తిన పెట్టుకుని, నడివీధిలో నడిచాడు. ఒక అడుగు. రెండడుగులు. మూడో అడుక్కి కుండ రెండు చెక్కలైంది. సింహాద్రి మీసాల నుంచి కారుతున్న నీళ్ళు తుడుచుకుంటూ వెనక్కి వచ్చాడు.

"మిగతావి కూడా కొట్టు," అన్నాడు.

ముప్ఫై ఒక్కటి ఓటివి తేలాయి. పెళ్ళిలో చుక్క పాయసం కూడా కారలేదు. ఆ రోజు నుంచి ఆవిడ ఓటికుండల నూకాలు. మొదటిసారి ఆ పిలుపు విని గుమ్మంలో కూర్చుని ఏడ్చింది, అంత సంతోషం. గవరయ్య, లచ్చన్న కూడా పారలూ చక్రాలూ పట్టుకొచ్చారు, మొహాలు పక్కకి తిప్పుకుని.

ముసలిదై చనిపోయింది నూకాలు. పిల్లల్లేరు కాబట్టి పాడె ముందు, ఆవిడకన్నా ముసలివాడైన సింహాద్రే నడిచాడు. కాటి దగ్గర కుండ పగలగొట్టాలి. తెచ్చిన కుండని మూడుసార్లు కొట్టాడు. ఖంగుమంది.

"ఇంత మంచి కుండ పగలగొడితే తిడతాది," అన్నాడు.

"ఓటిది తెద్దామా?" అన్నారు పెద్దలు.

"ఓటిదైతే లేచి కూకుంటాది."

చివరికి పగలగొట్టకుండానే చితి అంటించి, ఆ కుండలో నీళ్ళు పోసి దారి పక్కన పెట్టారు, వచ్చేపోయేవాళ్ళు తాగడానికి.

ఇప్పటికీ ఆ వైపు సంతలో కుండ కొనేవాళ్ళు మూడుసార్లు కొడతారు. చెవి ఆన్చుతారు. ఖంగుమంటే "నూకాలు ఒప్పుకుంది" అంటారు. అమ్మేవాడు ఎంత పనిమంతుడైనా సరే, ఆ మూడు దెబ్బలూ అయ్యేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతాడు.